ఐదేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న చవక ట్యూనర్ కార్డు

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా డాబా మీది డిష్‌ను పెరికి పక్క వీధిలో పడేసింది. కొత్తది బిగించుకునేటప్పుడు, టీవీకి ఎలాగూ కేబుల్ లాగుతున్నాం కదా, కంప్యూటర్‌కి కూడా ఇంకొకటి లాగిద్దామనిపించింది. అమ్మ చూసే తెలుగు కార్యక్రమాలు దాచిపెట్టాలని ఆశ. మరుసటి ఏడాది నాలుగు వేల లోపు ధరలో ఒక డీవీబీ-ఎస్2 కార్డు, అంటే డిష్ సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి తీసుకునే ట్యూనర్, ఆన్‌లైన్‌లో తెప్పించి, పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో పెట్టాను. అప్పటినుంచి ఆ కార్డు మారలేదు.

ముందు అసలు విషయం. ఈ కార్డు ఉచిత ఛానెళ్లకే పనికొస్తుంది. డబ్బు కట్టి చూసే డీటీహెచ్ ఛానెళ్లు తాళం వేసి వస్తాయి, ఆ తాళం తీసే కార్డు వాళ్ల బాక్సులోనే ఉంటుంది. అలాంటి ఛానెళ్ల సీరియళ్లూ సినిమాలూ రికార్డు చేద్దామని కొంటే డబ్బు దండగ. నేను నెల చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ కోసం కొన్నాను. అది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. మా ఊళ్లో డిష్ దక్షిణం నుంచి కాస్త తూర్పుకి తిరిగి, బాగా పైకి చూడాలి. యాంటెనాతో పనిచేసే డీవీబీ-టీ2 కార్డులు ఇంకా చవక. కానీ 2016లో దూరదర్శన్ ఆ ప్రసారం మొదలుపెట్టిన నగరాల్లో ఒడిశా నుంచి ఉన్నది కటక్. అంత దూరం నుంచి మా ఊరికి సిగ్నల్ రాదు.

బొమ్మ నాణ్యత గురించి చాలామంది అడిగారు. కార్డు బొమ్మను మళ్లీ తయారు చేయదు. ఉపగ్రహం నుంచి వచ్చిన డిజిటల్ ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు ఫైలులో పడేస్తుంది. ఖరీదైన కార్డు పెట్టినా ఆ ఫైలు అలాగే ఉంటుంది. అందుకే మా పాత కంప్యూటర్ హెచ్‌డీ రికార్డు చేస్తున్నప్పుడు కూడా వేడెక్కదు, పక్కన పిల్లలు హోంవర్క్ టైపు చేసుకుంటారు. కష్టమంతా తిరిగి చూసేటప్పుడే. దూరదర్శన్ హెచ్‌డీ 1080ఐ, అంటే ఒక్కో బొమ్మ సరి గీతలూ బేసి గీతలుగా రెండు భాగాల్లో వస్తుంది. జనవరి 26 పరేడ్‌లో సైనికుల కాళ్ల దగ్గర దువ్వెన పళ్లలా గీతలు కనిపించి, కార్డే పాడైందనుకున్నాను. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆ రెండు భాగాల్నీ కలిపే డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, అందులో యాడిఫ్ అనే పద్ధతి ఎంచుకోగానే సరిపోయింది.

నాకు ఈ కార్డు మీద ప్రేమ పెరిగింది కరెంటు కోతల వల్ల. వానాకాలంలో మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మొదటిసారి రికార్డింగ్ మధ్యలో పోయినప్పుడు అమ్మ గాభరా పడింది.

"ఒరే, కరెంటు పోనాది కదరా, మన పోగ్రాం ఏటైపోనాది?"

ఏమీ కాలేదు. ఈ రికార్డింగ్ టీఎస్ ఫైలుగా పడుతుంది. 188 బైట్ల చిన్న పొట్లాలు ఒకదాని వెనక ఒకటి. ఎక్కడ ఆగిపోతే అక్కడివరకు చూసుకోవచ్చు. ఎంపీ4గా రాస్తుంటే మధ్యలో ఆగిన ఫైలు సాధారణంగా తెరుచుకోదు, దాని సూచిక చివర్లో రాస్తారు కాబట్టి. మా లాంటి ఊళ్లలో ఈ ఒక్క తేడా చాలా పెద్దది. టీఎస్‌ని నేను ఎప్పుడూ వేరే ఫార్మాట్‌లోకి మార్చి దాచను.

జాగా మాత్రం తింటుంది. సెకనుకి 8 మెగాబిట్ల హెచ్‌డీ అయితే గంటకి 3.6 జీబీ. నేను మొదట్లో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి రాయించాను, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి అక్కడ పరేడ్ తెగిపోయింది. ఆ ఏడాది పరేడ్ సగమే మిగిలింది నాకు. ఇప్పటికీ బాధే. ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫార్మాట్ చేసిన డిస్కు వాడండి.

కార్డుతో ఇచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేర్ రెండు నెలలు ఓపిక పట్టాను. కంప్యూటర్ నిద్ర నుంచి లేస్తే కార్డు కనిపించేది కాదు, మళ్లీ రీస్టార్ట్ చేయాలి. పొద్దున్నే ఉన్న కార్యక్రమాలు అలా రెండు పోయాయి. తర్వాత విండోస్ లాంటిదే అయిన ఉబుంటు లినక్స్ వేసి, టీవీ రికార్డు చేసే టీవీహెడ్‌ఎండ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. నా కార్డులోని చిప్పుని నడిపే డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే, అంటే దాని మూల భాగంలోనే ఉంది, చిప్పు లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఫైలు ఒక్కటి కాపీ చేయాల్సి వచ్చింది. కొనేముందు చిప్పు పేరు తెలుసుకోండి, డబ్బా మీది బ్రాండు కన్నా అదే ముఖ్యం. కంప్యూటర్‌ని నిద్రపుచ్చడం కూడా మానేశాను.

ఒకే ట్యూనర్ కాబట్టి ఒకేసారి ఒక ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం కొన్ని ఛానెళ్లను కట్టగా పంపే దారి) మాత్రమే. అయితే ఒక ట్రాన్స్‌పాండర్ మీద ఉన్న ఛానెళ్లన్నీ కలిసే దిగుతాయి, వాటిలో రెండు మూడు ఒకేసారి రికార్డు చేయవచ్చు. ఈ సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. కార్యక్రమాల పట్టిక మీద ఆధారపడను. గడియారం పెట్టి, ముందూ వెనకా పది నిమిషాలు ఎక్కువ ఇస్తాను.

వాన మబ్బు కమ్మితే మొదట పోయేది హెచ్‌డీనే. నేను చూసే హెచ్‌డీ డీవీబీ-ఎస్2 లో 8పీఎస్‌కే అనే, సమాచారాన్ని ఎక్కువ కుక్కి పంపే పద్ధతిలో వస్తుంది, దానికి సిగ్నల్ బలంగా ఉండాలి. మామూలు ఛానెళ్ల క్యూపీఎస్‌కే పద్ధతి అంత కుక్కదు, ఇంకాస్త తట్టుకుంటుంది. టీవీ బాక్సుకూ కార్డుకూ ఒకే కేబుల్‌ని చీల్చి ఇచ్చినన్నాళ్లూ నాకు చినుకు పడితే గళ్లు గళ్లుగా వచ్చేది. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీని రెండు అవుట్‌పుట్‌లది పెట్టించి, ఆర్‌జీ-6 కేబుల్ వేరుగా లాగి, కనెక్టర్ల మీద నీళ్లు దిగకుండా టేపు చుట్టాక చాలా మేలు. కార్డుకి పెట్టినంత డబ్బూ దీనికి అయింది. కానీ ముందే చేయించాల్సింది.

దాచుకున్నవాటిలో అందరూ ఎక్కువసార్లు చూసింది 2021 ఆగస్టు 5 నాటి ఒలింపిక్స్ హాకీ మ్యాచ్. జర్మనీ మీద 5-4, కాంస్యం. మన రాష్ట్రపు రోహిదాస్, లాక్రా ఆ జట్టులో ఉన్నారు. నాకు మాత్రం ఆగస్టు 29 ఫైళ్లు ఇష్టం. గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి రోజున దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో వచ్చినవి. నేను రికార్డు చేసినవి హెచ్‌డీ కావు, మామూలు నాణ్యతే. ఆయన మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. ఒడియా బడికి వెళ్లే నా కూతురు అవి చూసి, ఒక పేజీ తెలుగు రాసి అమ్మకి చూపించింది. ఆ పేజీ అమ్మ దగ్గరే ఉంది. ఫైళ్లను మటుకు నేను రెండు డిస్కుల్లో పెట్టాను.