తిరుపతి బోరు నీళ్ళు, ఆర్‌వో కంపెనీ ఏఎంసీ: ఏళ్ళ తరబడి వాడాక

ఆర్‌వో మిషన్ల మీద సమీక్షలు బోలెడు ఉన్నాయి. ఇది మిషన్ గురించి కాదు, దాని మీద ఏటేటా కట్టే ఏఎంసీ (ఏడాది పొడవునా మిషన్ బాగోగులు చూసే ఒప్పందం) గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. చుట్టుపక్కల ఇళ్ళలో వేరే కంపెనీలవీ ఉన్నాయి, అందరి తంతూ ఇంచుమించు ఇదే. నా మార్కులు ముందే చెప్పేస్తా: విడిభాగాలకు ఫస్ట్ క్లాసు, ఇంటికొచ్చి పనిచేసే కుర్రాళ్ళకు సెకండ్ క్లాసు, ఫోన్లో మాట్లాడే కాల్ సెంటరుకు ఫెయిలు. బోరు నీళ్ళు వాడే ఇంటికి మెంబ్రేన్ (నీళ్ళలోని ఉప్పును ఆపే పొర) కలిపిన ఏఎంసీ అయితే గిట్టుబాటు. మిగతావి చాలావరకు దండగ.

ముందు నీళ్ళ సంగతి. తిరుపతిలో కార్పొరేషన్ కొళాయిలో వచ్చేవి కళ్యాణి డ్యాం, తెలుగు గంగ నీళ్ళు. అపార్టుమెంట్లలో వాటికి బోరు తోడు, ఎండాకాలం ట్యాంకరు తోడు, అన్నీ పోయి సంపులో కలుస్తాయి. కాబట్టి ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళకు కూడా నీళ్ళు ఒకటి కావు. మా సంపులో టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) వానలు పడ్డాక 700 దగ్గర ఉంటుంది, మే నెలకు 1100 దాటుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం, అంటే ఐఎస్ 10500, లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఉండొచ్చంటుంది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. మూడొందలు పెడితే టీడీఎస్ మీటరు వస్తుంది. అది లేకుండా ఏఎంసీ కట్టడం తూకం చూడకుండా బియ్యం కొన్నట్టే.

మీటరు చెప్పని విషయాలూ ఉన్నాయి. ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మజీవులు అందులో కనపడవు. చిత్తూరు వైపు రాతినేల మీద లోతుగా వేసిన బోర్లకు ఫ్లోరైడు భయం ఉంది, దాని హద్దు లీటరుకు 1, ఎక్కువలో ఎక్కువ 1.5 మిల్లీగ్రాములు. కొత్త బోరు నీళ్ళు తాగే ముందు ఒక్కసారి ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి. అలాగే కార్పొరేషన్ నీళ్ళే వస్తూ, మీటరు ఏడాది పొడవునా 500 లోపే చూపిస్తుంటే ఆర్‌వో అక్కర్లేదు. యూవీ (క్రిములను చంపే దీపం), యూఎఫ్ (సన్న వడపోత) ఉన్న మామూలు ఫిల్టరు చాలు. ఈ మాట ఏ సేల్స్ అబ్బాయీ చెప్పడు. పైగా రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు పెట్టి, మన కొళాయి నీళ్ళు ఎర్రగా, నల్లగా మారడం చూపిస్తాడు. ఆ రంగు నీళ్ళలోని మురికి కాదు, కడ్డీలోని ఇనుము కరగడం. ఉప్పులున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఇనుము కరుగుతుంది, ఆర్‌వో నీళ్ళలో పారదు కాబట్టి కరగదు. ఆ ఆట మొదలెట్టాడంటే మర్యాదగా గుమ్మం దాకా సాగనంపండి.

ఇక ఏఎంసీ. కంపెనీలు మూడు రకాలు అమ్ముతాయి. పని కూలి మాత్రమే ఉండేది ఒకటి, కూలితో పాటు ఫిల్టర్లు వచ్చేది ఒకటి, మెంబ్రేన్, పంపు, ఎస్‌ఎంపీఎస్ (మిషన్‌కు కరెంటు అందించే భాగం) కూడా కలిపింది ఒకటి. మొదటిదాన్ని వదిలేయండి. రెండోది కాగితం మీద చవక. కానీ బోరు నీళ్ళ ఇంట్లో ఏడాదికో రెండేళ్ళకో పోయేది మెంబ్రేనే. అది కంపెనీ ధరకు రెండు వేల పైమాట. పైన కూలి, 18 శాతం జీఎస్టీ. రెండో రకానికీ మూడో రకానికీ తేడా దానికంటే తక్కువ ఉంటే మూడోదే తీసుకోండి, ఎక్కువ ఉంటే రెండోది తీసుకుని మెంబ్రేన్ విడిగా కొనండి. సంతకానికి ముందు చూడాల్సినవి నాలుగు. మెంబ్రేన్ ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారు, ఎంత టీడీఎస్ వరకు ఇస్తారు (కొన్ని కాగితాల్లో ఇన్‌పుట్ నీళ్ళకు ఒక హద్దు రాసి ఉంటుంది, మే నెలలో మన బోరు దాన్ని దాటితే చేతులెత్తేస్తారు), బయట తగిలించే స్పన్ ఫిల్టరు (మట్టిని ఆపేది) అందులో ఉందా, ప్లాస్టిక్ భాగాలు ఎవరి ఖర్చు. ట్యాంకు, కొళాయి, ఫ్లోటు, పైపుల మోచేతులు దాదాపు ఎప్పుడూ మన ఖర్చే.

సర్వీసు కార్డు మీద స్పన్ మూడు నెలలకు, లోపలుండే సెడిమెంటు (సన్నమట్టి), కార్బన్ (బొగ్గు) ఫిల్టర్లు ఆరు నెలలకు, మెంబ్రేన్ ఏడాదికి అని అచ్చేసి ఉంటుంది. మన సంపు నీళ్ళకు ఈ లెక్క సరిపోదు. ట్యాంకరు నీళ్ళు పడ్డ నెలలో స్పన్ మూడు వారాలకే ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, వానాకాలంలో నాలుగు నెలలు కూడా లాగుతుంది. తేదీని కాదు, రంగును చూసి మార్చాలి. పది అంగుళాల, ఐదు మైక్రాన్ల స్పన్ బజారులో వందా నూటయాభైకి దొరుకుతుంది. స్పన్ ఉండే గిన్నె విప్పే స్పానరు మిషన్‌తోనే ఇస్తారు, మనమే మార్చుకోవచ్చు. కార్బన్ సంగతి వేరు. దాని పని క్లోరిన్‌ను ఆపడం. కార్పొరేషన్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ట్యాంకరు నీళ్ళలోనూ ఉండొచ్చు, అది మెంబ్రేన్ పొరను తినేస్తుంది. కార్బన్ మార్చడంలో రెండు నెలలు జాప్యం చేసి ఆనక మెంబ్రేన్ పోయిందని బిల్లు వేస్తే, తప్పు సర్వీసుదే.

మెంబ్రేన్ పోయిందని కుర్రాడు చెప్పగానే నమ్మేయకూడదు. ఎలా పోయిందో చూస్తే కారణం తెలుస్తుంది. నీళ్ళ ధార నెలనెలా సన్నబడుతూ టీడీఎస్ మెల్లగా పెరిగితే సున్నం పట్టినట్టు. ధార తగ్గకుండా, లేదా పెరిగి, టీడీఎస్ ఒక్కసారిగా ఎగబాకితే క్లోరిన్ తిన్నట్టు, లేదంటే లోపలి ఓ-రింగ్ (రబ్బరు చుట్టు) జరిగి వడకట్టని పచ్చి నీళ్ళు కలుస్తున్నట్టు. ఓ-రింగ్ అయితే ఇరవై రూపాయల పని. ధార తగ్గి టీడీఎస్ బాగానే ఉంటే మెంబ్రేన్‌ను అనేముందు పంపు, సోలనాయిడ్ వాల్వు (నీళ్ళను ఆపి వదిలేది), మెంబ్రేన్ కంటే ముందుండే ఫిల్టర్లు చూడాలి.

కొలత ఇలా. మిషన్ ఐదు నిమిషాలు నడిచాకే కొలవాలి. రాత్రంతా ఆగి ఉన్న మెంబ్రేన్ నుంచి మొదట వచ్చే నీళ్ళలో టీడీఎస్ ఎప్పుడూ ఎక్కువే, ఆ అంకె చూపించి మెంబ్రేన్ అంటగట్టేవాళ్ళు ఉన్నారు. ట్యాంకు కొళాయి దగ్గర కాకుండా, మెంబ్రేన్ నుంచి వచ్చే సన్న పైపు ఊడదీసి అక్కడే పట్టాలి. ఎందుకంటే మధ్యలో టీడీఎస్ కంట్రోలరు పచ్చి నీళ్ళు కలుపుతుంది. లోపలికి 900 పోయి బయటికి 60 వస్తే మెంబ్రేన్ భేషుగ్గా ఉంది. 150 దాటితే రోజులు దగ్గర పడ్డాయి. 80 జీపీడీ (రోజుకు 80 గ్యాలన్లు) మెంబ్రేన్ కొత్తదైతే నిమిషానికి రెండొందల మిల్లీలీటర్ల దాకా ఇవ్వాలి. వంటింటి కొలగ్లాసు పెట్టి నిమిషం పడితే చాలు. వంద లోపు పడిపోయాక ట్యాంకు నిండడానికి కొత్తదానికంటే రెండింతలకు పైగా టైము పడుతుంది.

ఇక్కడే ఒక మాయ ఉంది. ట్యాంకు త్వరగా నిండడం లేదని ఫిర్యాదు చేస్తే, కొందరు మెంబ్రేన్ జోలికి పోకుండా టీడీఎస్ కంట్రోలరు మరను నాలుగు చుట్లు వదులు చేసి వెళ్ళిపోతారు. ట్యాంకు గంటలో నిండుతుంది, మనకు సంతోషం. తాగేది సగం బోరు నీళ్ళు. సర్వీసు అయిన రోజే కొళాయి దగ్గర మీటరు పెట్టి చూడండి. మా ఇంట్లో 80, 120 మధ్య ఉంచుతాం, రుచి బాగుంటుంది.

ఎండాకాలానికి ఇంకో లెక్క. మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నం నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. వేడి నీళ్ళకు మెంబ్రేన్ ఎక్కువ నీళ్ళిస్తుంది, ఉప్పు కూడా ఎక్కువే వదులుతుంది. చాలా మెంబ్రేన్లకు 45 డిగ్రీలే హద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మిషన్‌ను తెల్లవారుజామున నడిపి, పదింటికి ఆపేయడం మంచిది. ఈ సలహా ఏ సర్వీసు కుర్రాడూ అడక్కుండా చెప్పలేదు.

వృథా నీళ్ళు తగ్గించి ఇమ్మని అడగడం కూడా మనవైపు జరిగే పొరపాటే. రిజెక్ట్ పైపులో (వృథా నీళ్ళు పోయేది) ధారను కట్టడి చేసే ఫ్లో రెస్ట్రిక్టరును చిన్నది వేస్తే బయటికి పోయేది తగ్గుతుంది, నిజమే. కానీ బోరు నీళ్ళలోని సున్నమంతా మెంబ్రేన్ మీదే పేరుకుంటుంది, ఏడాది రావాల్సింది నాలుగు నెలలకు మూసుకుపోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టుంచి, రిజెక్ట్ నీళ్ళు బకెట్లో పట్టి బాత్రూము కడగడానికి వాడుకోండి. చెట్లకు రోజూ పోయొద్దు, మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

మంచి సర్వీసుకు ముప్పావు గంట పడుతుంది. పావుగంటలో బ్యాగు సర్దుకున్నాడంటే ట్యాంకు కడగలేదని అర్థం. కాగితంలో ట్యాంకు శుభ్రం చేయడం ఉంటుంది, అడిగితేనే చేస్తారు. కొత్త కార్బన్ బిగించాక మొదటి నల్లనీళ్ళు మెంబ్రేన్‌కు పోకుండా సింకులోకి వదలాలి. కొత్త మెంబ్రేన్ అయితే మొదటి ట్యాంకు నీళ్ళు పారబోయాలి. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు రాయాలి, మామూలు నూనెలు, గ్రీజులు రబ్బరును ఉబ్బిస్తాయి. చివర్లో ప్రతి మోచేతికీ టిష్యూ కాగితం చుట్టి పది నిమిషాలు చూడాలి. సన్న లీకు కంటికి కనపడదు, కాగితం తడిస్తే తెలుస్తుంది. మా ఏరియాకు వచ్చే సీనియర్ మెకానిక్ ఇవన్నీ చెప్పకుండానే చేస్తాడు, అతనికి ఆ కంపెనీ ఇచ్చే జీతం చాలదు. కొత్త కుర్రాళ్ళకు ఒక్కో కాల్‌కు ఇంతని లెక్క కట్టి ఇస్తారు, పార్టు అమ్మితే పైన కమీషను. వాళ్ళ తొందరకు కారణం అదే.

యూవీ దీపం గురించి ఒక్క మాట. వెలుగుతోంది కదా అని వదిలేయకూడదు. నీలం వెలుతురు ఉన్నా క్రిములను చంపే శక్తి ఏడాది వాడకానికి పడిపోతుంది.

ఇప్పుడు అసలు గొడవ, హ్యాపీ కోడ్. ఫిర్యాదు నమోదు కాగానే ఫోనుకు నాలుగంకెల కోడ్ వస్తుంది, పని అయ్యాక కుర్రాడికి చెప్పాలి. దాంతో ఫిర్యాదు మూసేస్తారు. ఆచరణలో జరిగేది వేరు. పొద్దున్నే ఫోను: "సార్, పార్టు స్టాకు లేదు, రేపు తప్పకుండా వస్తా, టైము దాటితే నాకు ఫైన్ పడతాది, కోడ్ చెప్పండి సార్." జాలిపడి చెబితే సర్వీసు అయిపోయినట్టు, ఏడాదికిచ్చే మూడింటిలో ఒకటి ఖర్చయినట్టు రాసేస్తారు. తర్వాత కాల్ సెంటరుకు చేస్తే కొత్త ఫిర్యాదు తీసుకుంటారే గానీ పాతది తిరిగి తెరవరు. అక్కడ మాట్లాడేవాళ్ళకు కొర్లగుంట ఎక్కడో కరకంబాడి రోడ్డు ఎక్కడో తెలియదు, కంప్యూటరులో ఉన్న వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతారు. కొళాయి నుంచి నీళ్ళు పడ్డాక, మీటరు చూశాక, బిల్లు చేతికొచ్చాకే కోడ్ చెప్పండి. గంగమ్మ జాతర, బ్రహ్మోత్సవాల వారాల్లో మామూలు సర్వీసు పెట్టుకోకండి, ఎలాగూ వాయిదా పడుతుంది.

పాత పార్టుల విషయం. వారంటీలో మార్చినవి కంపెనీకి తిరిగివ్వాలంటారు, అది నిజమే. ఇచ్చే ముందు, ఇంకో ఇంట్లో బిగించే వీల్లేకుండా పర్మనెంట్ మార్కరుతో పెద్ద గీత గీసి, సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. డబ్బు కట్టి మార్పించినవి మనవే, కత్తిరించి పారేయండి.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. మెంబ్రేన్ పెట్టె మన ముందే సీలు విప్పుతారు, దాని మీది నంబరు యాప్‌లో కనపడుతుంది. ఏ నెలలో ఏం మార్చారో అందులోనే ఉంటుంది, ఇల్లు మారినా చరిత్ర పోదు. ఉరుముల వానలో ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే మారు మాట్లాడకుండా ఉచితంగా వేశారు. బజారు మెకానిక్ సగం ధరకే, పిలిచిన పూటే వస్తాడు, కానీ అతను వేసే పేరులేని మెంబ్రేన్ మన బోరుకు ఆర్నెల్లు ఆగితే గొప్ప. ఏఎంసీ నడుస్తుండగా బయటివాడి చేత విప్పిస్తే కాంట్రాక్టు రద్దు అంటారు, స్పన్ గిన్నె మాత్రం విప్పొచ్చు.

తేలని ఫిర్యాదుకు దారి: ముందు కంపెనీకి ఈమెయిల్, ఫిర్యాదు నంబరు, ఏఎంసీ రసీదు, మీటరు అంకెలు కనపడే ఫొటోలతో. పది రోజుల్లో కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పేరున్న కంపెనీలు చాలామటుకు అక్కడే దిగొస్తాయి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండేచోటే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు.

రెన్యూవల్‌కు గడువు ఇంకా నెలన్నర ఉండగానే ఫోన్లు మొదలవుతాయి. మొదట చెప్పే రేటుకు ఒప్పుకోకండి. చివరి వారంలో అదే ఏఎంసీ వెయ్యి దాకా తగ్గుతుంది, లేదా ఒక స్పన్ సెట్టు ఉచితంగా కలుపుతారు. గడువు మాత్రం దాటనివ్వొద్దు. దాటితే ఇన్‌స్పెక్షన్ ఛార్జీ అని వేరే వేస్తారు, అప్పటికే అరిగిన పార్టులు మన ఖర్చుతో మార్చాకే కొత్త కాంట్రాక్టు ఇస్తారు. మెంబ్రేన్ బాకీ ఉంటే పాత ఏఎంసీ గడువులోనే వేయించుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.