బందరు ప్యాకేజీ టూర్: బస్సు బాగుంది, ఊరే చూపించలేదు

ఆంధ్రా బ్యాంకులో చేరి యూనియన్ బ్యాంకులో రిటైరైనదాన్ని. 1923లో పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల మూలధనంతో మా ఆంధ్రా బ్యాంకు పెట్టింది బందరులోనే. సర్వీసంతా హైదరాబాద్‌లోనే గడిచిపోయి ఆ ఊరు చూడ్డం కుదరలేదు. అందుకే ‘చారిత్రక మచిలీపట్నం, వీకెండ్ ప్యాకేజీ’ అని వాట్సాప్‌లో పోస్టర్ రాగానే మా ఆయనకూ నాకూ సీట్లు బుక్ చేశాను. తలకు 3,900. పోస్టర్ మీద డచ్ సమాధులు పెద్దగా, బీచ్ ఓ మూల చిన్నగా ఉన్నాయి. తీరా వెళ్లాక అది తిరగబడింది.

ముందు మంచి చెప్తాను. శుక్రవారం రాత్రి ఎల్‌బీ నగర్‌లో బస్సు టైముకే కదిలింది. సీట్లు బాగా వాలాయి, డ్రైవర్ నెమ్మదస్తుడు. మన ఎల్‌బీ నగర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి వెళ్లి ఆగేది బందరులోనే, కాబట్టి రోడ్డు గురించి బెంగ లేదు. లాడ్జిలో వేడినీళ్లు వచ్చాయి. పొద్దున పెసరట్టు వేడిగా పెట్టారు, మా ఆయన ఇంకోటి అడిగినా ఎవరూ మొహం చిట్లించలేదు.

ఆ తర్వాత మంగినపూడి బీచ్. మధ్యాహ్నం భోజనాల దాకా అక్కడే. లోతు తక్కువ కాబట్టి పిల్లలున్నవాళ్లకు బాగానే ఉంటుంది. వైజాగ్ ఇసుకలాంటిది మాత్రం ఊహించుకోకండి. ఇక్కడిది నల్లమట్టి, చీర కుచ్చిళ్లకు పట్టిందంటే ఎంత ఉతికినా ఓ పట్టాన వదలదు.

డచ్ సమాధుల దగ్గరికి చేరేసరికి మూడున్నర దాటింది. “పావుగంటలో ఫోటోలు దిగేసి వచ్చేయండి ఆంటీ, ఇవి బ్రిటిష్‌వాళ్ల సమాధులు” అన్నాడు టూర్ మేనేజర్ కుర్రాడు. “డచ్‌వాళ్లవి కదా బాబూ, మీ పోస్టర్ మీదే ఉంది” అన్నాను. “ఇద్దరూ ఒకటే కదా ఆంటీ” అన్నాడు. ఒకటెలా అవుతారు? కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు బందరే. డచ్‌వాళ్లు ముందే వచ్చి పాతుకుపోయారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు. ఫ్రెంచివాళ్లు ఆ తర్వాత వచ్చి 1750లో ఊరే చేతిలోకి తీసుకున్నారు. 1759లో ఫోర్డ్ అనే ఇంగ్లీషు దొర కోట పట్టుకుని వాళ్లను వెళ్లగొట్టాడు. ఇవేవీ చెప్పకపోతే అక్కడున్నవి ఉత్త రాళ్లే. తెలిసి చూస్తే మాత్రం, ఆ నల్లరాతి పలకల మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు చూస్తూ గంటైనా నిలబడొచ్చు. మాకు దొరికింది పావుగంట, అందులో సగం గ్రూపు ఫోటోకే సరిపోయింది.

ఆ కుర్రాణ్ని మరీ తీసిపారెయ్యలేను. సెయింట్ మేరీస్ చర్చి గురించి, అక్కడ పాతిపెట్టిన ఆరబెల్లా అనే అమ్మాయి గురించి ఊళ్లో చెప్పుకునే ప్రేమకథ బస్సులో చక్కగా చెప్పాడు. కానీ ఆంధ్రా బ్యాంకు మొదలైన చోటు ఎక్కడ బాబూ అని అడిగితే సందు చివర ఏటీఎం చూపించాడు.

పోస్టర్‌లో ఉన్న బందరు కోటకు టైము లేదన్నారు. ఆదివారం పొద్దున్నే, అందరూ లేవకముందే మేమే ఆటో మాట్లాడుకున్నాం. డచ్‌వాళ్ల పేరుతో ఉన్న వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ల పేరుతో ఉన్న పరాసుపేట అన్నీ తిప్పి చూపించాడు ఆటో అబ్బాయి. కోట దగ్గర మిగిలింది పాత ఆయుధాగారం గోడలు, చుట్టూ పిచ్చి తుమ్మ. 1977 ఉప్పెన రాత్రి గురించి వాళ్ల నాన్న చెప్పినవి చెప్పుకొచ్చాడు. 1864లో వచ్చిన ఉప్పెన అంతకన్నా ఘోరం, దాదాపు 30,000 మంది పోయారు. ఆటోకిచ్చిన డబ్బులకు దక్కిన చరిత్ర 3,900 పెట్టినా దక్కలేదు.

బందరు పక్కనే ఉన్న పెడన మాత్రం వదలొద్దు. అక్కడ కలంకారీ అచ్చు పని కళ్లారా చూడొచ్చు. బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రావణంతో నల్ల గీతలు అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు, ఆ ఎరుపు వెంటనే కనపడదు, రంగు నీళ్లలో ఉడికించాక తేలుతుంది. అచ్చు కొయ్యను బట్ట మీద పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ కొడతారు, పక్కది దానికి ఆనించి ఇంకో దెబ్బ. ఎంత పనిమంతుడైనా అతుకు దగ్గర గీత ఓ వెంట్రుకవాసి తప్పుతుంది. చీర కొనేటప్పుడు నేను వెతికేది అదే. హైదరాబాద్ ఎగ్జిబిషన్లలో కలంకారీ అని అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్లు బోలెడు, వాటిలో ఆ తేడా ఉండదు. డచ్‌వాళ్లు ఇంత దూరం వచ్చింది ఈ బట్టల కోసమే. వీటిని తూర్పు దీవులకు మోసుకెళ్లి, అక్కడ మిరియాలు, లవంగాలు తెచ్చుకునేవాళ్లు. ఆ ముక్క ఒక్కటి బస్సులో చెప్పి ఉంటే నిన్నటి సమాధులకూ ఇవాళ్టి చీరలకూ లంకె దొరికేది.

బందరు లడ్డూలకు బస్సు ఆపిన కొట్టులో ధర ఎక్కువనిపించి ఊళ్లోనే కొనుక్కున్నాం. తొక్కుడు లడ్డూ అంటే శనగపిండి పూస వేయించి, దంచి, బెల్లం పాకంలో, నెయ్యితో చేసేది. పెదవులతో నొక్కితే విడిపోవాలి. మాకు దొరికినవి అలాగే ఉన్నాయి.

బస్సుకు నాలుగు స్టార్లు, తిండికి నాలుగు, ఊరు చూపించినందుకు ఒకటి. దిగేటప్పుడు మేనేజర్‌తో ఇదే చెప్తే, “జనం బీచే అడుగుతారు ఆంటీ” అన్నాడు. అయితే పోస్టర్ మీద బీచే వెయ్యండి. చరిత్ర కోసం వెళ్లేవాళ్లు మాత్రం సికింద్రాబాద్‌లో రాత్రి బీదర్–మచిలీపట్నం రైలెక్కి, దిగాక ఆటో మాట్లాడుకోండి. ఎండాకాలం వద్దు, ఉక్కకు తట్టుకోలేరు.