చెర్రీ పండగకు సెరే మేలా, ఇచాసు మేలా?

మే నెల వచ్చిందంటే ఫ్రాన్సులో ఉంటున్న మనవాళ్లు అడిగేది ఇదే: పిల్లలతో చెర్రీ పండగకు వెళ్లాలి, ఎక్కడికి? రెండు ఊళ్లూ పిరెనీ కొండల పక్కనే ఉన్నాయి. సెరేది తూర్పు కొస, ఇచాసుది పడమటి కొస.

పేరు సెరేదే. దేశంలో అందరికంటే ముందు చెర్రీలు దింపేది మేమేనని ఆ ఊరి గొప్ప. తొలి కోతలో ఒక పెట్టె దేశాధ్యక్షుడికి పంపే ఆనవాయితీ 1932 నుంచి ఉంది. పండగ మే చివర్లో. 1911లో పికాసో బొమ్మలు వేసిన ఊరు కనక ఆధునిక కళల మ్యూజియం కూడా ఉంది. పళ్ల మీద మోజు లేనివాళ్లకూ పొద్దు గడుస్తుంది. దగ్గర్లోని పెర్పిన్యాన్ నగరం నుంచి బస్సుంది.

ఇచాసు బాస్కు పల్లె, అంటే సొంత భాష ఉన్న బాస్కు జనాల ఊరు. జూన్ మొదటి ఆదివారం పండగ. చెర్రీ బుట్టలు, బంతిని గోడకు కొట్టే పెలోటా ఆట, కొండలు, అంతే.

నేను ముందు చూసేది ఒక్కటే: ఆ పండు మన వీధి చివరి దుకాణంలో దొరుకుతుందా? సెరేలో పండే బుర్లా లాంటి రకాలు ఫ్రాన్సంతా ఉన్నవే. కాస్త ముందొస్తాయి, రుచికి లోటేమీ లేదు. షపాటా, పెలోవా, బెల్చా అలా కాదు, అవి ఇచాసు చుట్టుపక్కల రకాలు. ఒకప్పుడు చెట్లు కనుమరుగయ్యే స్థితికి వస్తే రైతులే పూనుకుని మళ్లీ నాటారు. నల్లవి ఎక్కువగా జామ్‌కే పోతాయి. గొర్రెపాల చీజ్ ముక్క మీద ఆ జామ్ వేసి ఇస్తారు. వినడానికి వింతగా ఉంటుంది, తిన్నాక ఉండదు. అందుకే నా ఓటు ఇచాసుకే.

ఫ్రాన్సులో వేరే పళ్ల పండగలకూ ఇదే లెక్క. దక్షిణాన కవయోన్ ఊళ్లో ఖర్బూజా పండగ జులైలో. ఏటా 12 కాయలిస్తే చాలని 1864లో నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా తను రాసిన పుస్తకాలన్నీ ఆ ఊరి గ్రంథాలయానికి ఇచ్చాడు. ముచ్చటైన కథే, కాయ మాత్రం ఏ సూపర్‌మార్కెట్లోనైనా ఉంటుంది. ఆగస్టులో ఈశాన్యాన మెట్జ్ నగరంలో మిరబెల్ (చిన్న పసుపు ప్లమ్) పండగలో పండు అరుదైనదే కానీ, అది నగరం సంబరం, పల్లె పండగ కాదు.

ఇచాసుతో చిక్కల్లా వాన. అట్లాంటిక్ వైపు కాబట్టి సెరే కంటే బాగా ఎక్కువ, పండే వేళ తడిస్తే చెర్రీలు పగిలిపోతాయి. వానలు పడ్డ ఏడాది తాజా పళ్ల మీద ఆశ పెట్టుకోకుండా జామ్ కోసం వెళ్లండి. దగ్గర్లోని బయోన్ నగరం నుంచి కాంబో అనే ఊరి దాకా రైలుంది, అక్కణ్ణుంచి ఊరు దగ్గరే.