కడపలో మా చర్చి: పల్లె పరిచర్యకు పూర్తి మార్కులు, సండే స్కూల్‌కు సగమే

ట్రాన్స్‌ఫర్ మీద కడపకు వచ్చినవాళ్లు ఆదివారం ఏ చర్చికి వెళ్లాలని అడుగుతుంటారు, అందుకే నేను వెళ్లే సంఘం గురించి రాస్తున్నా. ఐదుకు నాలుగు స్టార్లు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది లెక్క దాచకపోవడం. నెల మొదటి ఆదివారం బల్లారాధన (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) అయ్యాక ట్రెజరర్ గారు నిలబడి కానుకలు ఎంత వచ్చాయి, పల్లెలకు ఎంత పోయింది, కరెంటు బిల్లు ఎంత కట్టారు అన్నీ చదివి ఆ కాగితం నోటీసు బోర్డుకు అంటిస్తారు. కోతపండుగ రోజైతే చూసి తీరాలి. అరటి గెలలు, పసుపు, శెనక్కాయల మూటలు, నాటుకోళ్లు, ఇంట్లో పండిన గుమ్మడికాయతో సహా అన్నీ వేలం పాడతారు, మామూలు రేటుకు ఎన్నో రెట్లు పెట్టి కొంటారు, ఆ డబ్బంతా చక్రాయపేట, పెండ్లిమర్రి వైపు పల్లెల్లో ఉండే సువార్తికుల జీతాలకు, అక్కడి మందిరాలకు రేకులు వేయించడానికి పోతుంది. శనివారం యూత్ పిల్లలు ఆ ఊళ్లకు వెళ్తారు, సంఘంలో నర్సులున్నారు కాబట్టి వాళ్లు కూడా వెళ్లి ముసలివాళ్లకు బీపీ, షుగర్ చూస్తారు. అక్కడ ఎవరి దేవుణ్నీ తక్కువ చేసి మాట్లాడరు. ఇది నాకు చాలా ముఖ్యం.

ఈ జిల్లాకు సువార్త అలాగే వచ్చింది మరి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు, తర్వాత జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. తెల్లవాళ్లే కాదు, తిరునల్వేలి క్రైస్తవులు 1903లో, తర్వాత డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి చొరవతో సొంత మిషనరీ సొసైటీ పెట్టుకుని, తమిళ మనుషుల్ని మన తెలుగు నేలకు, డోర్నకల్‌కు పంపారు. వాళ్లేమీ బాగా డబ్బున్న సంఘాలని కాదు. కాబట్టి పల్లెల ఖర్చు తగ్గించి గుడికి ఏసీ పెట్టిద్దాం, పైన ఇంకో అంతస్తు వేద్దాం అనే కొందరితో నేను అస్సలు ఏకీభవించను.

నా బాధ డబ్బు గురించి కాదు, మనుషుల గురించి. బాగా పాఠం చెప్పగలిగినవాళ్లు, పాడగలిగినవాళ్లు, ఓపికగా మాట్లాడేవాళ్లు అందరూ పల్లె టీమ్‌లోనే ఉన్నారు. ఆదివారం ఉదయం కూడా వాళ్లు ఊళ్లలోనే ఉంటే ఇక్కడ సండే స్కూల్ పిల్లలను, ఐదేళ్లవాళ్లను, పదో తరగతివాళ్లను కలిపి వరండాలో కూర్చోబెట్టి ఎవరో ఒకరు కథ చెప్పి పంపించేస్తారు. పెద్ద పిల్లలకు బోరు కొట్టి ఫోన్లు తీస్తారు. ఇంటర్ అయ్యాక బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిన పిల్లలకు ఇక్కణ్నుంచి ఒక్క ఫోన్ కూడా వెళ్లదు. పోయిన ఏడాది బాప్తిస్మం తీసుకున్న ఒక జంట రావడం మానేస్తే ఇంటికి వెళ్లి పలకరించినవాళ్లు లేరు, ఇది చాలా బాధపెట్టింది.

బైబిల్లోని అంతియొకయ సంఘం గురించి మన ప్రసంగాల్లో ఎప్పుడూ చెప్తారు, బర్నబాను, సౌలును (అంటే పౌలును) సువార్తకు పంపిన సంఘం అని. అపొస్తలుల కార్యములు 13లో అక్కడున్న బోధకులు ఐదుగురి పేర్లూ ఉన్నాయి. పంపింది ఇద్దరిని, ముగ్గురు ఇంట్లోనే ఉన్నారు. పైగా ఆ ఇద్దరు కూడా అంతకుముందు ఒక ఏడాదంతా ఆ సంఘంలోనే ఉండి బోధించారని 11వ అధ్యాయంలో ఉంది. మా దగ్గర ఐదుగురినీ పంపేస్తున్నారు. కమిటీలో ఒక పెద్దాయనతో ఈ మాటే అంటే "ఇల్లు చక్కబెట్టుకుంటూ కూర్చుంటే పల్లెకు ఎప్పుడు పోతామమ్మా" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, అలా ఆగిపోయిన సంఘాలు చాలా ఉన్నాయి. కానీ ఈ పిల్లలు పెరిగి సంఘంలో ఉంటేనే కదా రేపు చక్రాయపేటకు వెళ్లడానికి మనుషులు ఉండేది. టీమ్‌లో సగంమంది ఒక నెల, మిగతా సగం ఇంకో నెల వెళ్తే సరిపోతుంది, దీనికి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు.

మిగతావి మామూలే. పాటలు బాగుంటాయి, మైక్ సౌండ్ మరీ ఎక్కువ, చంటిపిల్లలుంటే స్పీకర్లకు దూరంగా కూర్చోండి. బండ్లు పెట్టుకోవడానికి చోటు తక్కువ, ఆలస్యమైతే రోడ్డు మీదే. కొత్తగా వచ్చేవాళ్లలో టీచర్లు ఎవరైనా ఉంటే మొదటి వారమే పాస్టరమ్మ గారిని కలవండి. పల్లె టీమ్‌లోకి రమ్మంటారు, ముందు సండే స్కూల్‌కు వస్తానని చెప్పండి.