పొగతోటలో ఎమ్మారై: రిపోర్ట్ సూపర్, కౌంటర్ కాడే చిరాకు

నెల్లూరు పొగతోటలో స్కానింగ్ సెంటర్లకి కొదవేముంది, ఏ సందులోకి పోయినా ఒకటి ఉంటది. అందరూ రేటెంత అనే అడుగుతారు, రిపోర్ట్ ఎట్టా రాస్తారని ఎవురూ అడగరు. మంచీ చెడ్డా రెండూ చెప్పాలి కాబట్టి సెంటర్ పేరు పెట్టట్లా.

మా బామ్మర్దికి ఫిట్స్ వస్తే ముందు వేరే చోట ప్లెయిన్ ఎమ్మారై తీశారు. మెదడులో చిన్న గడ్డ, చుట్టూ వాపు, టీబీ కావచ్చు, పురుగు కావచ్చు అని రాసి చేతికిచ్చారు, అంతే. ఏందబ్బా ఇది, టీబీ అంటే నెలల తరబడి మందులు, పురుగంటే వేరే కోర్సు, ఏదో తేల్చకపోతే ఎట్టా? న్యూరో డాక్టరు కాంట్రాస్ట్ (గడ్డ బాగా కనపడేట్టు సూదితో ఎక్కించే మందు) తో మళ్లీ తీయించమని ఇక్కడికి పంపించాడు.

కిడ్నీలు ఎట్టా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ చూసినాకే సూది వేశారు, అది నచ్చింది. ఇంకా నచ్చింది ఏందంటే పిల్లోడు మిషన్ లో ఉండగానే రేడియాలజిస్ట్ మేడం వచ్చి ఆ గడ్డ ఉన్న కాడ పల్చటి స్లైసులు ఇంకోసారి తీయమని టెక్నీషియన్ కి చెప్పింది. తర్వాత మమ్మల్ని పిలిచి స్క్రీన్ మీదే చూపించింది. ఫ్లెయిర్ అనే రకం బొమ్మలో తెల్లగా వాపు, కాంట్రాస్ట్ ఎక్కినాక గుండ్రంగా మెరిసే రింగు, ఆ రింగు లోపల ఓ పక్కకి చిన్న చుక్క. ఆ చుక్కే పురుగు తలంట, స్కోలెక్స్ అంటారు. సైజు రెండు సెంటీమీటర్ల లోపే, అంచు నున్నగా ఉంది, మెదడు మధ్య గీత పక్కకి జరగలా. టీబీ గడ్డలు మామూలుగా ఇంతకన్నా పెద్దగా, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయంట. రిపోర్ట్ లో న్యూరోసిస్టిసర్కోసిస్ (మెదడులో బద్దెపురుగు పిల్ల తిత్తి) అని, కొల్లాయిడల్ స్టేజి అని కూడా రాసింది, అంటే పురుగు చస్తా ఉన్న దశ. బతికున్నప్పుడు అది నీళ్ల తిత్తి మాదిరి గమ్మునుంటది, వాపు పెద్దగా ఉండదు, చచ్చేటప్పుడే వాపొచ్చి ఫిట్స్ వస్తాయి, చివరికి గట్టిపడి సున్నపు చుక్క అయిపోద్ది. అట్టాంటి పాత చుక్క ఇంకో పక్క కూడా ఒకటుంది, ఎస్‌డబ్ల్యూఐ అనే ఇంకో రకం బొమ్మలో నల్లగా కనపడింది, సీటీలో అయితే ఇంకా తేలిగ్గా తెలుస్తదంట. మొదటి రిపోర్ట్ లో దాని ఊసే లేదు!

ఈ పురుగు పంది మాంసం తింటేనే వస్తదనుకోని మా అత్త "మేం పంది మాంసం ముట్టనే ముట్టం కదమ్మా" అని ఒకటే గోల. మేడం ఓపిగ్గా చెప్పింది, సరిగా ఉడకని ఆ మాంసం తింటే వచ్చేది పేగుల్లో బద్దెపురుగు, మెదడుకి చేరేది ఆ బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోంచి వచ్చే గుడ్లు, కడగని కూరగాయలు, నీళ్లు, చేతుల ద్వారా ఎవురికైనా పోతాయి, శాకాహారులకి కూడా అని.

ఇంక చిరాకుల సంగతి. కౌంటర్ లో అమ్మాయి బ్రెయిన్ తో పాటు వెన్నెముక మొత్తం ప్యాకేజీ తీసుకోండి సార్, తగ్గిస్తాం అని వదల్లా. మేడంని అడిగితే కాళ్ల బలం బాగుంది, యూరిన్ ఇబ్బంది లేదు, వెన్నులో ఈ పురుగు రావడమే అరుదు, ఇప్పుడు అక్కర్లేదు అనేసింది. మీక్కూడా ప్యాకేజీ అంటే డాక్టర్ చీటీలో రాసిందే చాలని చెప్పండి. టైమ్ ఇచ్చి గంటలు గంటలు కూర్చోబెట్టారు, ఏసీకి ముసలోళ్లు వణికిపోతున్నారు, దుప్పటి తీసకపోండి.

న్యూరో డాక్టరు ముందు కళ్లు చెక్ చేయించి, పురుగుకి ఆల్బెండజోల్, వాపుకి స్టెరాయిడ్ మొదలుపెట్టాడు, ఫిట్స్ మందు ఎటూ ఉంది. ఆరు నెలలకి మళ్లీ స్కాన్ అన్నాడు, అక్కడే తీయిస్తాం. వాళ్లిచ్చిన సీడీ మాత్రం డాక్టర్ కంప్యూటర్ లో ఓపెన్ కాలా, పెన్‌డ్రైవ్ తీసకపోయి అందులోనే ఎక్కించుకోండి, అడిగితే కాదనరు.