తోడేలా, పులా, రేచుకుక్కా: రోల్‌ప్లేకి ఏది మేలు?

జంతువుల రోల్‌ప్లే సర్వర్లలో, అంటే ఒక్కొక్కరూ ఒక్కో జంతువు పాత్ర వేసుకుని పోస్టులతో కథ నడిపే ఆన్‌లైన్ బృందాల్లో, కొత్తగా చేరేవాళ్లంతా అడిగేది ఇదే: "తోడేలు తీసుకోనా, పులి తీసుకోనా?" ఈ మధ్య రేచుకుక్క (ధోల్ అనే అడవికుక్క) సంగతి కూడా అడుగుతున్నారు. తోడేలు వదిలేసి దానికి మారినప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ దాని గురించే చెబుతున్నాను కాబట్టి, అందులో నా పుణ్యం కొంత ఉంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. గాడ్‌మోడింగ్ (ఎదుటివాళ్ల క్యారెక్టర్ ఏం చేయాలో కూడా మనమే రాసేయడం) అంటే ఏమిటో, బయో (మన పాత్ర పరిచయం) ఎలా నింపాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

చాలామంది రూపం చూసి ఎంచుకుంటారు. బొచ్చు రంగు, కళ్ల రంగు, చెవి మీద చీలిక, పాత గాయం మచ్చ. బయోలో అవి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆటంతా అక్షరాల్లోనే నడిచేది కదా, నాలుగు పోస్టులు దాటాక మీ కళ్ల రంగు ఎవరికి గుర్తుంటుంది? నేను చూసేది ఒక్కటే. ఈ జంతువు ఇంకో జంతువు దగ్గరికి ఎందుకు వెళుతుంది? దీనికి జవాబు ఆ జంతువు బతుకులోనే ఉంటే సీన్లు వాటంతటవే పుడతాయి. లేదంటే ప్రతిసారీ మీరే ఏదో ఒక సాకు వెతుక్కోవాలి.

పులితో వచ్చే చిక్కు అదే. ఒక పోస్ట్ చూడండి: "సన్నగా జల్లు పడుతోంది. పులి బండ మీద పడుకుని లోయ వంక చూస్తూ ఉండిపోయింది." చదవడానికి బాగుంది. దీనికి ఎదుటివాళ్లు ఏం రాయాలి? పెద్ద పులులు ఒంటరిగా తిరుగుతాయి. ఒక్కో మగపులి హద్దులో రెండు మూడు ఆడపులుల తావులు ఉంటాయి గానీ, అవి ఎదురుపడేది ఎక్కువగా జత కోసమో, హద్దుల కోసమో. అందుకే సర్వర్లో పులులన్నీ విడివిడిగా బండల మీద పడుకుని లోయల వంక చూస్తుంటాయి. పులే కావాలని పట్టుబడితే తల్లిపులి తీసుకోండి. పిల్లలు దాదాపు రెండేళ్లు తల్లి వెంటే ఉంటాయి కాబట్టి మీ స్నేహితులిద్దరు పిల్లలుగా చేరితే చాలాకాలం ఆడుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. చెట్టు మీద గోళ్ల గీతలు, మూత్రం వాసన, ఇలా ఒకరు వదిలిన గుర్తుని మరొకరు వారం తర్వాత చదవడం. నిదానంగా రాసుకునే ఇద్దరికి అది సరిపోతుంది, గుంపుకి సరిపోదు.

తోడేలుకి ఆ బాధ లేదు. గుంపు జంతువు, అందరికీ తెలిసిన జంతువు, ఏ సర్వర్లో అడిగినా చోటు దొరుకుతుంది. దాంతో వచ్చే తలనొప్పి ‘ఆల్ఫా’, అంటే మిగతావాటిని ఓడించి గుంపుకి నాయకుడయ్యే తోడేలు. పదిమంది చేరితే ఎనిమిది మందికి నాయకత్వం కావాలి, మిగతా ఇద్దరికి దాన్ని కూలదోయాలి. అసలు ఆ భావన పుట్టిందే బోనులోని తోడేళ్లను చూసి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసింది జూలో ఒకచోట పెట్టిన తోడేళ్ల గురించి. 1970లో తన పుస్తకంతో ఆ మాటను జనంలోకి తీసుకెళ్లిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, 1999లో తానే మరో పరిశోధన పత్రం రాసి దాన్ని సరిదిద్దాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలావరకు ఒక కుటుంబం: అమ్మా నాన్నా, ఒకటి రెండు ఈతల పిల్లలూ. పెత్తనం అమ్మానాన్నలది, దానికోసం ఎవరూ కుస్తీ పట్టరు. సర్వర్ నడిపేవాళ్లు ర్యాంకులు తీసేసి బంధుత్వాలు పెడితే సగం గొడవలు అక్కడే పోతాయి. తమ్ముడి వాటా మాంసం అన్న లాక్కున్నాడనుకోండి, దాని మీద నలుగురు రిప్లైలు రాస్తారు. "నేనే ఆల్ఫా" అంటే ఒక్కడే రాస్తాడు.

ఇంకో మాట. మనవాళ్లు తోడేలు అనగానే మంచు, దట్టమైన బొచ్చు, పైన్ చెట్లు రాసేస్తారు. మన దక్కన్ మెట్టల్లో తిరిగే తోడేలు సన్నగా, పొట్టి బొచ్చుతో ఉంటుంది. గొర్రెల మంద, కాపరి, మధ్యాహ్నపు ఎండ, తుమ్మచెట్టు నీడ, ఇవన్నీ మనకు తెలిసినవే. తెలిసినవి రాస్తే పోస్టు దానంతటదే చిక్కబడుతుంది.

ఇక రేచుకుక్క. నల్లమలలో ఉంది, తోడేలు కంటే చిన్నది, ఎర్రటి ఒళ్లు, గుబురైన నల్లటి తోక. నన్ను పడేసింది దాని ఈల. తోడేలులా ఊళ వేయదు. దట్టమైన అడవిలో చెదిరిపోయిన గుంపు మళ్లీ కలుసుకోవడానికి ఈల వేస్తుంది. అక్షరాల్లో ఆడే ఆటలో దీనికి మించిన వరం లేదు. చూడండి, చారిక అనేది నా రేచుకుక్క పేరు:

"వెదురు పొదల అవతల ఒక ఈల. పొట్టిగా, ఒక్కసారే. చారిక ఆగి చెవులు తిప్పింది. అది అక్క గొంతే. కానీ అక్క వాగుకి ఇటువైపు ఉండాలి కదా?"

ఈ నాలుగు ముక్కలకి ముగ్గురికి పని పడింది. అక్క వాగు ఎందుకు దాటిందో ఆమె రాయాలి. కణుజుని నీళ్లలోకి తరుముతున్నవాళ్లకు ఆ ఈల వినిపించిందో లేదో వాళ్లు రాయాలి. గుహ దగ్గర పిల్లలకి కాపలా ఉన్నవాళ్లు కంగారు పడాలా వద్దా తేల్చుకోవాలి. ఎవరి క్యారెక్టర్‌నీ నేను ముట్టుకోలేదు. పైగా ఈ జంతువుల్లో పిల్లల బాధ్యత గుంపంతటిదీ. వేట నుంచి వచ్చిన పెద్దవి, కన్నతల్లి కాకపోయినా, తిన్నది కక్కి పిల్లలకు పెడతాయి. అంటే వారానికి ఒక్కసారే ఆన్‌లైన్‌కి వచ్చే సభ్యుడికి కూడా గుంపులో ఒక పని ఉంటుంది. తోడేళ్లలోనూ ఇది ఉంది, కాదనను. కాకపోతే అక్కడ ఆల్ఫా గోలలో ఆ పని ఎవరికీ కనబడదు. రేచుకుక్కకి అలాంటి సినిమా ఇమేజ్ లేదు కాబట్టి వచ్చినవాళ్లు ముందే ఏదీ ఊహించుకోకుండా వస్తారు.

నష్టం కూడా ఉంది. అది ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు, మొదట్లో ప్రతివాళ్లకీ వివరించాలి. అది నక్కా అని అడుగుతారు. దానికోసం పెట్టిన సర్వర్లు కూడా దొరకవు, నలుగుర్ని కూడగట్టి మీరే మొదలుపెట్టాలి.

సింహం సంగతి కూడా అడిగారు. కొత్త మగసింహాలు గుంపుని ఆక్రమించి పాత పిల్లల్ని చంపడం నిజంగా జరిగేదే, డ్రామా కావాలంటే బోలెడంత ఉంది, దాంతోపాటు మోడ్స్‌కి (సర్వర్‌ని అదుపులో ఉంచేవాళ్లకి) టెన్షన్ కూడా. గుర్రం పర్వాలేదు. డ్రాగన్ జంతువు కాదు, ఆ ఆట వేరు.

మీ సర్వర్ తోడేళ్లకే పరిమితమైతే, అందులోనూ మీకు ‘ఒంటరి తోడేలే’ కావాలంటే, ఏడాదికీ మూడేళ్లకీ మధ్య వయసు రాయండి. పుట్టిన గుంపుని వదిలి చాలా తోడేళ్లు బయటికి వచ్చేది ఆ వయసులోనే, జతనీ చోటునీ వెతుక్కుంటూ. కాబట్టి బయోలో "ఎవరితోనూ కలవదు" అని కాకుండా, ఎవరి కోసం వెతుకుతోందో, ఇప్పటిదాకా ఎవరి హద్దులోంచి తరిమేశారో రాయండి. తరిమినవాళ్లు అదే సర్వర్లో ఉంటే మరీ మంచిది.