వియన్నా స్కూల్ మ్యూజిక్ టూర్: ఊరికి ఫుల్ మార్కులు, ట్రావెల్స్‌కి అత్తెసరు

విజయనగరంలో మా అమ్మాయి వయొలిన్ బ్యాచ్‌ని ఆస్ట్రియా రాజధాని వియన్నా తీసుకెళ్లిన ట్రావెల్స్ ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు, తోడు వెళ్లాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. వీసా, హోటల్ బాగానే చూసుకున్నారు. భోజనం మాత్రం దేవుడికే తెలియాలి, పులిహోర పొడి, ఆవకాయ పట్టుకెళ్లండి.

ప్యాకేజీలో ‘గ్రాండ్ కాన్సర్ట్’ అని ఊరించింది తీరా చూస్తే విగ్గులు పెట్టుకుని టూరిస్టుల కోసం వాయించే షో. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు, ఆ మాత్రం తేడా మా పిల్లలకి తెలియదా?

అసలు మజా స్టేట్ ఒపేరాలో, అంటే కథంతా పాటల్లో నడిచే నాటకాలు వేసే థియేటర్‌లో. ప్యాకేజీలో లేదు, మేమే పట్టుబట్టాం. నిలబడి చూసే టికెట్ చాలా చవక, లోపలికెళ్లగానే ముందున్న రెయిలింగ్‌కి స్కార్ఫ్ కట్టేస్తే ఆ చోటు మనదే, బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టన్నమాట! మావాళ్లు చున్నీలు కట్టారు. పాట అర్థం కాకపోతే ఎదురుగా చిన్న స్క్రీన్‌లో ఇంగ్లీషులో వస్తుంది.

సంగీతకర్త మోజార్ట్ 1784 నుంచి 1787 దాకా ఉన్న ఇంటిని గైడ్ పరుగులు పెట్టించి చూపించాడు. సెంట్రల్ సిమెట్రీలో బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ లాంటి పెద్ద సంగీతకర్తల సమాధులు పక్కపక్కనే ఉంటాయి, అక్కడ మాత్రం తీరిగ్గా వదిలాడు. 1870లో కట్టిన పేరున్న కచేరీ హాలు, మ్యూజిక్‌ఫెరైన్ గోల్డెన్ హాల్‌ని బయటి నుంచే చూపించి బస్సెక్కించారు, ఇదే నాకు ఒళ్లు మండింది. డబ్బు కట్టే ముందు ‘లోపలికి ఎంట్రీ’ అని రాయించుకోండి.